మెస్‌లో అన్నం పారబోయకుండా, క్యాంపస్‌లో ఎవరూ పస్తుండకుండా: ఒక కాటా, ఒక ఫోన్‌తో మొదలుపెట్టే పద్ధతి

సాయంత్రం నాలుగింటికి వంటశాలలో బియ్యం కొలిచే మనిషికి ఆ రాత్రి ఎంతమంది తింటారో తెలియదు. హాస్టల్ మెస్‌లో అన్నం డ్రమ్ముల పాలవడానికి అసలు కారణం ఇదే. పిల్లలకు అన్నం విలువ తెలియదనో, వంటవాళ్లు లెక్కాపత్రం లేకుండా వండేస్తారనో అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. వంటమేస్త్రి రోల్‌లో ఎంతమంది ఉన్నారో అంతమందికీ వండుతాడు. తక్కువ పడితే తిట్లు తినేది ఆయనే. ఎక్కువైతే మాత్రం ఎవరూ ఏమీ అనరు.

నేను విశాఖలో మధురవాడ దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. అమ్మాయిల హాస్టల్‌కు డిప్యూటీ వార్డెన్‌ని కూడా. హాస్టల్లో దాదాపు 400 మంది ఉంటారు. మెస్ వెనకాల అన్నం పారబోస్తున్న క్యాంపస్‌లోనే, చోడవరం, ఎస్.కోట వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చే డేస్కాలర్లు టీ, బిస్కెట్ ప్యాకెట్‌తో మధ్యాహ్నం గడిపేస్తారు. ల్యాబ్ ఆలస్యమై మెస్ మూసేశాక వచ్చి, మంచినీళ్లు తాగి పడుకునేవాళ్లు ఉంటారు. మెస్ డ్యూ కట్టలేక, లైన్‌లో నిలబడితే ఎవరైనా అడుగుతారేమోనని అటువైపే రానివాళ్లూ ఉంటారు. అన్నం మిగలడం, ఆకలి మిగలడం వేరువేరు సమస్యలుగా కనిపిస్తాయి కానీ, రెండింటికీ మూలం ఒకటే. ఎవరు తింటారో, ఎవరు తినడం లేదో సమయానికి ఎవరికీ తెలియకపోవడం. ఫోన్ల వల్ల తీరే సమస్య ఏదైనా ఉందంటే అది ఇదే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లు, హాస్టళ్ల లాంటి చోట్ల. ఇళ్లలో అలవాట్లు మార్చడం కష్టం, ఎందుకంటే ప్రతి ఇంటికీ వెళ్లాలి. హాస్టల్లో వంటగది ఒక్కటే, గంటలు కూడా ఒక్కటే. అందుకే ఇక్కడ ఫలితం త్వరగా కనిపిస్తుంది.

ముందు కాటా కొనండి, యాప్ సంగతి తర్వాత

మెస్ వృథా గురించి ఎవరితో మాట్లాడినా మొదట వచ్చే మాట ‘యాప్ చేద్దాం మేడమ్’. మా స్టూడెంట్లకైతే అది చేతిలో పనే. కానీ ఎంత పోతోందో తెలియకుండా యాప్ కడితే దాంట్లో పెట్టడానికి డేటానే ఉండదు. కిరాణా కొట్లలో బస్తాలు తూచే డిజిటల్ ప్లాట్‌ఫామ్ కాటా ఒకటి చాలు, 100 కిలోలు తూగేది. దాన్ని చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా, తడి తగలని మూలలో పెట్టండి.

డ్రమ్ములు మూడు ఉండాలి. ఒకటి ఎంగిలికి, అంటే ప్లేట్లలోంచి వచ్చినదానికి. రెండోది గిన్నెల్లో వడ్డించకుండా మిగిలిపోయి పాడైనదానికి. మూడోది తొక్కలకూ, కూరగాయల చెత్తకూ. ఈ మూడూ కలిపి తూస్తే ఏమీ తెలియదు. ఎంగిలి ఎక్కువగా వస్తుంటే కూర నచ్చలేదన్నమాట, లేకపోతే గరిటె పెద్దది. గిన్నెల్లో మిగులుతుంటే తల లెక్క తప్పింది. తొక్కలు ఎక్కువైతే తెచ్చిన కూరగాయలే బాగోలేవు. ఒక్కో డ్రమ్ముకు ఒక్కో కారణం, ఒక్కో మందు. ప్రతి డ్రమ్ము ఖాళీ బరువు దాని మీదే పెయింట్‌తో రాయించండి, తూచినప్పుడల్లా గుర్తు చేసుకునే పని ఉండదు. బాగున్న మిగులు మాత్రం డ్రమ్ము దాకా రాకూడదు. దాన్ని గిన్నెతో సహా పక్కన తూచి, మూత పెట్టి ఉంచాలి. దాని సంగతి కింద చెబుతాను.

కాటా వచ్చిన మొదటి రోజే మా వంటమేస్త్రి ముఖం ముడుచుకున్నాడు. ‘ఏటి మేడమ్, నా వంట మీద కాటా పెడతారా?’ అన్నాడు. ఆ బాధ నిజమైనది. ముప్పై ఏళ్లుగా చేతి అంచనాతో పెళ్లిళ్లకు వండిన మనిషి ఆయన. ‘మీ వంట మీద కాదు బాబాయ్. ఎంతమంది వస్తారో మీకు చెప్పకుండా వండమంటున్న మా మీద’ అన్నాను. ఈ మాట నచ్చజెప్పడానికి అన్నది కాదు, ఈ పద్ధతి అంతా దీని మీదే నిలబడింది. కాటా తప్పులు పట్టే పరికరం అని వంటశాలలో అనుకున్నారంటే, మూడో రోజు నుంచి అంకెలు తగ్గిపోతాయి, చెత్త మాత్రం తగ్గదు. కాటా అంకెలతో ఎవరి జీతమూ కోయబోమని మేనేజ్‌మెంట్ చేత ముందే చెప్పించండి, వీలైతే రాయించండి.

తూచే పని ఎవరు చేస్తారన్నది ఇంకో సమస్య. గిన్నెలు తోమే అక్కలకు ఇంగ్లీషు ఫారాలు ఇచ్చి నింపమనడం అన్యాయం. మా పద్ధతి సులువు. డ్రమ్ము కాటా మీద పెట్టి, అంకె కనబడేట్టు ఫోటో తీసి గ్రూపులో పెడతారు, అంతే. ఆ అంకెను గూగుల్ ఫారంలో ఎక్కించేది మెస్ కమిటీలో ఆ వారం డ్యూటీ ఉన్న అమ్మాయి. ఫారంలో తేదీ, పూట, ఏ డ్రమ్ము, ఎన్ని కిలోలు, ఆ పూట ఎన్ని ప్లేట్లు లేచాయి (అంటే ఎంతమంది తిన్నారు), మెనూ ఏమిటి, ఇంతకుమించి అడగకండి. ప్రశ్నలన్నీ తెలుగులోనే రాయండి. పూట, డ్రమ్ము అన్నవి డ్రాప్‌డౌన్‌లో ఇవ్వండి. కిలోల దగ్గర రెస్పాన్స్ వాలిడేషన్ పెట్టి 100కు మించిన అంకె తీసుకోకుండా చేయండి, లేకపోతే 34 బదులు 340 పడి నెల సగటు మొత్తం పాడవుతుంది.

ఫారం అంకెలన్నీ వచ్చి చేరే గూగుల్ షీట్‌లో చూడాల్సింది మొత్తం కిలోలు కాదు, ప్లేటుకు ఎన్ని గ్రాములన్నది. ఉదాహరణకు 380 ప్లేట్లు లేచిన రాత్రి 34 కిలోల ఎంగిలి వస్తే ప్లేటుకు దాదాపు 90 గ్రాములు. పండగకు సగం మంది వెళ్లిపోయినప్పుడు మొత్తం కిలోలు ఎలాగూ తగ్గుతాయి, అది చూసి సంబరపడకూడదు. మొదటి నెలంతా ఏమీ మార్చకండి, తూచడమే. ఏ రోజు, ఏ కూరకు ఎంత పోతుందో షీట్ తనంతట తానే చెప్పడం మొదలుపెడుతుంది.

ఎసరు పెట్టకముందే లెక్క

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. మిగిలినదాన్ని ఎంత చక్కగా పంచినా, అసలు మిగలకపోవడానికి సాటి రాదు. పంచే కార్యక్రమానికి ఫోటోలు వస్తాయి, పేపర్లో పడుతుంది. వండకుండా ఆగిన నాలుగు కిలోల బియ్యానికి ఫోటో ఉండదు. అయినా నేను మొదటి మార్కులు దానికే వేస్తాను.

ఎంతమంది తింటారో అడగడంలో చాలా హాస్టళ్లు ఒక పొరపాటు చేస్తాయి. ‘తినేవాళ్లు ఫారం నింపండి’ అంటాయి. 400 మంది రోజుకు మూడుసార్లు ఫారం నింపరు, వారం తిరిగేసరికి మానేస్తారు. తిరగేసి అడగండి. అందరూ తింటారనే అనుకుని, ‘తినను’ అన్నవాళ్లు మాత్రమే చెప్పాలి. మెస్ తలుపు మీద, ప్రతి అంతస్తులో నీళ్ల ఫిల్టర్ పక్కన ఒక క్యూఆర్ కోడ్ అతికించండి. స్కాన్ చేస్తే ఫారం తెరుచుకుంటుంది, ఏ పూట తినరో టిక్ పెడితే పని అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం పలాస, పార్వతీపురం వైపు ఇళ్లకు వెళ్లేవాళ్లు సోమవారం ఉదయం వరకు ఒకేసారి టిక్ పెట్టుకునే వీలు ఉండాలి.

గడువు ప్రతి వంటకూ ఒకేలా ఉండదు, ఇది ఫారం తయారుచేసే కుర్రాళ్లకు తట్టదు. వంటమేస్త్రిని కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. రేపు ఉదయం ఇడ్లీ అంటే మినప్పప్పు ఈ మధ్యాహ్నమే నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులవాలి. కాబట్టి ఇడ్లీ లెక్క ముందురోజు మధ్యాహ్నానికే తేలాలి. ఆదివారం చికెన్ ఆర్డరు శనివారం సాయంత్రం వెళ్తుంది. ఉప్మాకైతే ఆ రోజు తెల్లవారుజామున లెక్క తెలిసినా చాలు. రాత్రి చపాతీ పిండి కలిపేది నాలుగున్నరకు, అన్నానికి ఎసరు పెట్టేది ఆరింటికి. ఈ సమయాల్ని బట్టి ఒక్కో పూటకూ వేరే గడువు పెట్టి, గడువు దాటగానే మొత్తం అంకె వంటశాల ట్యాబ్‌కు వెళ్లేలా గూగుల్ షీట్‌లో యాప్స్ స్క్రిప్ట్‌తో టైమ్ ట్రిగ్గర్ పెట్టొచ్చు. రెండో సంవత్సరం స్టూడెంటు ఒక సాయంత్రంలో రాయగలిగిన కోడ్ అది.

అయితే ‘తినను’ అని చెప్పడం వల్ల ఆ అమ్మాయికి ఏం లాభం? ఇది తేలకపోతే ఎంత మంచి ఫారమైనా పనిచేయదు. చాలా చోట్ల మెస్ కట్, అంటే తినని రోజులకు బిల్లులో తగ్గింపు, కావాలంటే వరసగా కొన్ని రోజులు లేకపోవాలి, ముందుగా లెటర్ పెట్టాలి, వార్డెన్ సంతకం కావాలి. ఒక్క పూట తినకపోతే ఎవరికీ ఏమీ తగ్గదు. అలాంటప్పుడు చెప్పాల్సిన అవసరమేముంది? నెల ఖర్చును పిల్లల మధ్య పంచే డివైడింగ్ సిస్టమ్‌లో నడిచే మెస్సుల్లోనూ ఇదే తంతు. అందుకే ఒక్క పూటకైనా తగ్గింపు ఇచ్చేలా మేనేజ్‌మెంట్‌ను ఒప్పించాలి. మొత్తం పూట ఖర్చు ఇవ్వమంటే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో న్యాయమూ ఉంది. జీతాలు, గ్యాసు, కరెంటు ఆ అమ్మాయి తిన్నా తినకపోయినా అవుతాయి. సరుకుల వాటా మాత్రం వెనక్కి ఇవ్వమనండి. అది కొద్ది మొత్తమే అయినా నెలాఖరు బిల్లులో కనబడుతుంది, కనబడితే చాలు.

ఫారం నింపడం మరిచిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకని షీట్ చేత సొంత అంచనా కూడా వేయించాలి. పోయిన నాలుగు మంగళవారాల రాత్రుల్లో సగటున ఎన్ని ప్లేట్లు లేచాయో యావరేజ్‌ఇఫ్స్ ఫంక్షన్ ఇట్టే ఇస్తుంది. దాని పక్కన క్యాలెండర్ కాలమ్ ఒకటి పెట్టి, మామూలు కాని రోజుల్ని చేత్తో రాయండి. ఇక్కడే విశాఖ సంగతులు తెలిసిన మనిషి కావాలి. కార్తీక సోమవారాల్లో సగం అంతస్తు ఉపవాసం ఉంటుంది, ఆ నెలంతా గుడ్డు, చికెన్ లెక్కే మారిపోతుంది. సింహాచలం గిరిప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్ల నడక, ఆ సాయంత్రం పిల్లలు గుంపులు గుంపులుగా బయల్దేరతారు, మర్నాడు పొద్దున్న టిఫిన్‌కు లేవరు. పీఎం పాలెం స్టేడియంలో ఇండియా మ్యాచ్ ఉంటే చెప్పనే అక్కర్లేదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పిల్లలకు మధ్యాహ్నం వాటా తగ్గించి, తెల్లవారుజాముకు వేడివేడిగా ఏదైనా చేయించాలి. ఇంటర్నల్స్ ముందురోజు రాత్రి మాత్రం అందరూ హాస్టల్లోనే ఉంటారు, పైగా ఆకలి ఎక్కువ. ఇవన్నీ ఏ సాఫ్ట్‌వేరుకూ పుట్టుకతో తెలియవు. మనం రాస్తేనే తెలుస్తాయి.

కాగితాన్ని మాత్రం పూర్తిగా వదలకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు, సిగ్నల్ రెండూ ఎలా పోయాయో అప్పుడు ఇక్కడున్న ఎవరినడిగినా చెబుతారు. తుపాను హెచ్చరిక రాగానే ఆ వారం అంచనాలు ప్రింట్ తీసి వంటశాల గోడకు అంటించండి.

వాయి వాయికీ చూసుకోవడం

లెక్క ఎంత బాగా కుదిరినా పదిమంది అటూ ఇటూ అవుతారు. ఆ తేడాను చివరి వాయిలో సర్దుకోవాలి. అన్నం మొత్తం ఒకేసారి వండి గంగాళాల్లో పోసి పెట్టడం మా దగ్గర మాన్పించాం. మూడు వాయిలుగా వండుతారు. వడ్డించే చోట ఒక అమ్మాయి ఫోన్‌లో కౌంటర్ నొక్కుతూ ఉంటుంది, హాస్టల్ గేటు దగ్గర బయోమెట్రిక్ ఉంటే లోపల ఎంతమంది ఉన్నారో కూడా తెలుస్తుంది. మూడో వాయికి ఎసరు పెట్టేముందు మేస్త్రి ట్యాబ్ చూస్తాడు. ఇంకా 70 మంది రావాలి అంటే దానికి తగ్గట్టే బియ్యం పోస్తాడు. కిలో బియ్యానికి రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది. అంటే 12 కిలోల అన్నం మిగిలిందంటే నాలుగు, అయిదు కిలోల బియ్యం అనవసరంగా పోశామన్నమాట. ఇలా బియ్యం లెక్కలో చెబితేనే స్టోర్ కీపర్‌కు, అకౌంట్స్‌వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఎంగిలి తగ్గాలంటే గరిటె మార్చండి. పెద్ద గరిటె తీసేసి చిన్నది పెట్టి, ‘ఎన్నిసార్లైనా అడగొచ్చు’ అని బోర్డు పెట్టాలి. ఆ మాట మీద నిలబడాలి కూడా. మళ్లీ అడిగినప్పుడు విసుక్కుంటే పిల్లలు మొదటే ప్లేటు నింపుకుంటారు. షీట్‌లో ఏ కూర రోజున ఎంగిలి ఎక్కువ వస్తుందో చూసి మెనూ మీటింగ్‌లో ఆ అంకె చూపించండి. నోటిమాటగా ‘బాగోలేదు’ అంటే మేస్త్రి నొచ్చుకుంటాడు. అంకె చూస్తే తానే ‘సొరకాయ పప్పులో వేసేద్దాం’ అంటాడు.

మిగిలితే ముందు మనవాళ్లకు

ఇంత చేసినా కొన్ని పూటలు మిగులుతుంది. వాన ముంచెత్తుతుంది, బస్సు ఆలస్యమవుతుంది, ఎవరో ఫ్రెషర్స్ పార్టీ పెట్టుకుంటారు. అప్పుడు ఆలోచించడానికి టైమ్ ఉండదు. అందుకే దారి ముందే వేసి ఉంచాలి.

మొదటి దారి క్యాంపస్ లోపలే. వాట్సాప్‌లో ఒక కమ్యూనిటీ తెరిచి, అనౌన్స్‌మెంట్ గ్రూపులో మెస్ కమిటీ మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేయండి. డేస్కాలర్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, సెక్యూరిటీ వాళ్లు, స్వీపర్లు, తోట పని చేసేవాళ్లు, ఎవరైనా చేరవచ్చు. నైట్ డ్యూటీ గార్డులు రాత్రి ఏం తింటున్నారో క్యాంపస్‌లో ఎవరూ అడగరు, వాళ్లను మరిచిపోకండి. మెసేజ్ ఎప్పుడూ ఒకే తీరులో ఉండాలి: ఏముంది, ఎంతమందికి సరిపోతుంది, ఎక్కడ, ఎన్నింటి వరకు. ‘పులిహోర, 25 మందికి, మెస్ వెనక కౌంటర్, 2:15 వరకు.’ అంతే. ‘మిగిలిపోయింది’, ‘పేద విద్యార్థులకు’, ‘ఉచితం’ లాంటి మాటలు ఆ మెసేజ్‌లో ఉండకూడదు. మంచి అన్నాన్ని అలా పిలిస్తే, ఆకలిగా ఉన్నవాళ్లే ముందు వెనక్కి తగ్గుతారు. లెక్చరర్లు కూడా ఆ కౌంటర్ దగ్గర తినాలి. నేను తింటాను. అందరూ తినే చోట ఎవరు ఎందుకు వచ్చారన్న ప్రశ్న రాదు.

వాట్సాప్ పోల్ పెట్టి ‘ఎవరికి భోజనం కావాలి’ అని అడగడం మాత్రం వద్దు. పోల్‌లో ఎవరు ఏ ఆప్షన్ నొక్కారో మామూలుగా గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. సినిమా ఎంచుకోవడానికి అది సరే, ఆకలి చెప్పుకోవడానికి కాదు.

పేరు అడగని భోజనం

మిగులు మీద ఆధారపడి ఎవరి ఆకలీ తీరదు. మెస్ బాగా నడిచేకొద్దీ మిగులు తగ్గిపోతుంది కూడా. రోజూ పస్తుండే పిల్లలకు రోజూ దొరికే ఏర్పాటు కావాలి. దీనికి మంచి నమూనా అమెరికాలో ఉంది. 2010లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థులు స్వైప్ ఔట్ హంగర్ మొదలుపెట్టారు. మీల్ కార్డులో వాడకుండా మిగిలిపోయే పూటల్ని తోటి విద్యార్థులకు ఇచ్చేయడం దాని పని. ఆ మరుసటి సంవత్సరం మేరీలాండ్ యూనివర్సిటీలో మొదలైన ఫుడ్ రికవరీ నెట్‌వర్క్ డైనింగ్ హాల్లో మిగిలిన వంటల్ని బయట ఆకలితో ఉన్నవాళ్లకు చేరుస్తుంది. మొదటిది ముందే కట్టిన పూటను మళ్లిస్తుంది, రెండోది వండేసినదాన్ని. మనకు రెండూ కావాలి, కానీ రోజూ ఆసరా ఇచ్చేది మొదటిదే.

మన మెస్‌లో దీన్ని ఇలా కుదుర్చుకోవచ్చు. ‘తినను’ ఫారంలోనే చివర ఒక టిక్ బాక్స్ పెట్టండి: నా సరుకుల వాటా వెనక్కి వద్దు, ఓపెన్ మీల్స్‌కు (అవసరమైనవాళ్లు పేరు చెప్పకుండా తినే పూటలకు) వేయండి. అలా పోగైన మొత్తాన్ని పూటల కింద మార్చి, ఆ సంఖ్య వారానికోసారి షీట్‌లో తేల్చాలి. వారం మధ్యలో ఇళ్లకు వెళ్లే పిల్లలు చాలామంది టిక్ పెడతారు, వాళ్లకు పెద్ద తేడా పడదు.

ఆ పూటలు తీసుకునేవాళ్లు ఎలా రావాలన్నది ఈ పద్ధతిలో అతి సున్నితమైన విషయం. మా దగ్గర మెస్‌లోకి వచ్చే ప్రతి ఒక్కరూ క్యూఆర్ స్కాన్ చేస్తారు, హాస్టలర్‌కైనా, గెస్ట్‌కైనా స్క్రీన్ మీద అదే పచ్చ టిక్, అదే శబ్దం. ఓపెన్ మీల్ టోకెన్ ఉన్న అమ్మాయికీ అంతే. టోకెన్ మీద రోల్ నంబరు ఉండదు, ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య ఎవరిదన్న జాబితా ఒక్కరి దగ్గరే ఉండాలి, వేరే షీట్‌లో, ఎడిట్ కాదు కదా చూసే పర్మిషన్ కూడా ఇంకెవరికీ లేకుండా. కారణం రాయమని, ఆదాయ సర్టిఫికెట్ పెట్టమని అడగకండి. సర్టిఫికెట్ పెట్టగలిగిన అమ్మాయి ఎలాగో స్కాలర్‌షిప్‌కు పెట్టింది, ఆ డబ్బు రావడం ఆలస్యమవుతుంటేనే కదా ఇక్కడికి వచ్చింది. ఎవరైనా అవసరం లేకుండా వాడుకుంటారేమో అంటారా? వాడుకోనివ్వండి. ఆ భయంతో పెట్టే ప్రతి నిబంధనా అవసరమున్న ఒకరిని బయటే నిలబెడుతుంది.

అడగనివాళ్లను కనిపెట్టే పని కూడా షీట్ కొంత చేస్తుంది. ‘తినను’ అని చెప్పకుండా, ఇంటికి వెళ్లకుండా, వరసగా కొన్ని పూటలు స్కాన్ పడని టోకెన్లను రంగుతో చూపించేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. అది చూడగానే మైకులో పిలవకూడదు, గ్రూపులో ట్యాగ్ చేయకూడదు. ఆ అంతస్తు అమ్మాయి ఒకరు వెళ్లి గదిలో మామూలుగా పలకరించాలి. జ్వరం కావచ్చు, డైటింగ్ కావచ్చు, ఇంట్లో ఏదో జరిగి ఉండొచ్చు. ఒకసారి మా దగ్గర ఇలా వెళ్తే, మెస్ డ్యూ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టడం వల్ల ఒక అమ్మాయి రావడం మానేసిందని తెలిసింది. ఆ సాయంత్రమే బోర్డు మీద పేర్లు పెట్టడం ఆపించాం. డ్యూ సంగతి ఇప్పుడు ఎవరిది వాళ్ల ఫోన్‌కే వెళ్తుంది.

డేస్కాలర్ల కోసం ఇంకో దారి కూడా వాళ్లకు తెలిసేలా చేయండి. అన్న క్యాంటీన్లలో టిఫిన్ గానీ భోజనం గానీ 5 రూపాయలే. రోజూ వచ్చే బస్సు దారిలో ఏది ఎక్కడుందో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పెడతారో ఎవరైనా స్వయంగా చూసి వచ్చి, మ్యాప్ లింకుతో అదే గ్రూపులో పిన్ చేయాలి. తెలుసుకదా అనుకుంటాం, ఊరికి కొత్తగా వచ్చిన ఫస్టియర్ పిల్లలకు తెలియదు.

గేటు దాటించాలంటే

క్యాంపస్‌లో అయిపోగా ఇంకా మిగిలితేనే బయటకు. ఇక్కడ ఉత్సాహం కంటే జాగ్రత్త ముఖ్యం. విశాఖ ఉక్కలో కొబ్బరి పచ్చడి, పప్పు, పెరుగన్నం ఎంత తొందరగా పులుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. మనం పారేయాల్సినదాన్ని ఇంకొకరికి పెట్టి పుణ్యం అనుకోకూడదు.

ప్రోబ్ థర్మామీటర్ ఒకటి కొనండి, సన్నని సూది ఉండి డిజిటల్ అంకె చూపించేది. గిన్నె మధ్యలోకి దించాలి, అడుగు తగలకూడదు, అడుగు ఎప్పుడూ ఎక్కువ వేడిగానే ఉంటుంది. సాంబారైతే ఒకసారి కలిపి చూడాలి. ఒక గిన్నెలోంచి తీశాక వేడినీళ్లతో కడిగి, తుడిచి ఇంకో దాంట్లో పెట్టాలి. నెలకోసారి ఐస్ నీళ్లలో ముంచి సున్నా చూపిస్తుందో లేదో చూసుకోండి. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపు క్రిములు పెరగలేవు. 5 నుంచి 60 మధ్యనే అవి పెరిగేది. ఆ మధ్యలో రెండు గంటలు గడిచినదేదీ మేం బయటకు పంపం. అన్నం విషయంలో ఇంకా పట్టుదల కావాలి. బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే మళ్లీ పెరుగుతాయి. అవి వదిలే విషాల్లో వాంతులు తెప్పించేది మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి ‘వేడి చేసి పెడతారులే’ అన్న మాట చెల్లదు. చికెన్, గుడ్డు కూర, కొబ్బరి పచ్చడి, కోసిన పండ్లు బయటకు పంపకపోవడమే మంచిది.

ఇంకొకటి, సొంతంగా ఆటోలో గిన్నెలు వేసుకుని బయల్దేరకండి. దీనికి నిబంధనలు ఉన్నాయి. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో మిగులు ఆహారాన్ని సేకరించి పంచడానికి ప్రత్యేకంగా రెగ్యులేషన్స్ తెచ్చింది. పదార్థం పేరు, ఎక్కడ ఎప్పుడు వండారు, శాకాహారమా మాంసాహారమా అన్నది లేబుల్‌పై ఉండాలి, ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ రికార్డు ఉండాలి. సేకరించే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, తప్పేమీ కాదు. ఇలాంటి పనిలో రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్ల బృందాలు దేశమంతటా ఉన్నాయి, వాళ్లు డబ్బు తీసుకోరు, భోజనమే తీసుకుంటారు. ఏ బృందమైనా సరే, అవసరం పడ్డ రాత్రి కాకుండా ముందే ఒక మధ్యాహ్నం పిలిచి వంటశాల చూపించి, ఎన్నింటికి ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తారో, కనీసం ఎంతమందికి ఉంటే వస్తారో మాట్లాడుకోండి. మధురవాడ నుంచి పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో మనకు తెలిసిందే. రోగుల వెంట వచ్చినవాళ్లు అక్కడ రాత్రిళ్లు ఆరుబయటే ఉంటారు, వాళ్లకు పెట్టాలనే అందరికీ ఉంటుంది. కానీ మన రెండు గంటల్లో దారికే సగం పోతే, దగ్గర్లోని కాలనీనో, కట్టడం పనివాళ్ల షెడ్లనో ఎంచుకోవడం మేలు.

లేబుల్‌కు మేం వాడేది ఒక చిన్న స్టిక్కర్. ఫారంలో పదార్థం, సమయం, థర్మామీటర్ అంకె ఎక్కించగానే షీట్ నుంచి ప్రింట్ అవుతుంది. డబ్బా అందుకున్నవాళ్లు ఒక ఫోటో తిరిగి పంపుతారు. డబ్బా ఫోటో మాత్రమే. తింటున్నవాళ్ల ముఖాలు తీయొద్దని మొదటే చెప్పాం.

పోగా మిగిలే ఎంగిలి, తొక్కలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలను బల్క్ జనరేటర్లుగా చూశారు, తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టు చేసుకోవాలన్నారు. కాపులుప్పాడ చెత్త యార్డుకు మన డ్రమ్ములు వెళ్లకపోతే ఆ మేరకు మేలే. తోట పనివాళ్లను ముందే కలుపుకోండి, ఉప్పు, నూనె ఉన్న ఎంగిలి ఎంత వేయొచ్చో వాళ్లే చెబుతారు.

ఇక యాప్ సంగతి

ఒక సెమిస్టర్ అంకెలు చేతికొచ్చాక చేయండి. పెద్ద హోటళ్లకు ఇలాంటివి అమ్మే కంపెనీలు ఉన్నాయి. లీన్‌పాత్, విన్నో లాంటివి చెత్త డబ్బా కింద కాటా, పైన కెమెరా పెట్టి ఏ పదార్థం ఎంత పడిందో గుర్తుపడతాయి. 400 మంది మెస్‌కు అంత అక్కర్లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా బరువును పసిగట్టే లోడ్ సెల్, దాని సిగ్నల్ చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు, వైఫై ఉన్న చిన్న చిప్ ఈఎస్‌పీ32 కలిపి, డ్రమ్ము పెట్టగానే బరువు నేరుగా షీట్‌లో పడేలా చేయొచ్చు. ప్రాజెక్టు చేసే పిల్లల్ని రెండు వారాలు వంటశాలలో నిలబెట్టి తూచమనండి. చేతులు తడిగా ఉంటాయని, టచ్ స్క్రీన్ పనిచేయదని, పెద్ద బటన్ ఒకటి చాలని వాళ్లకు అక్కడే తెలుస్తుంది. ప్లేట్లు లేచే అంచనాను మెషిన్ లెర్నింగ్‌తో వేయాలనుకుంటే ముందు నాలుగు వారాల సగటుతో పోల్చి చూడాలి, దాన్ని దాటకపోతే సగటే ఉంచండి.

ఆదా అయిన సరుకుల డబ్బు ఎటు వెళ్తుందో కూడా మొదట్లోనే రాసుకోవాలి. మా దగ్గర కొంత ఓపెన్ మీల్స్‌కు, కొంత వంటశాల సిబ్బందికి పండగ బోనస్‌గా వెళ్తుంది. పని పెరిగింది వాళ్లకు కాబట్టి వాటా వాళ్లకు ఉండాల్సిందే. దసరా ముందు చివరి మెస్ మీటింగ్‌లో ప్లేటు గ్రాముల గ్రాఫ్ గోడ మీద చూపిస్తూ ఆ మొత్తం ప్రకటిస్తాం. మేస్త్రి ఇప్పుడు గ్రాఫ్ తనే చదివి వినిపిస్తాడు.

ఏప్రిల్‌లో పరీక్షలు మొదలవక ముందే చేయాల్సిన పని ఒకటి ఉంది. ఫారాలు, షీట్లు, క్యూఆర్ కోడ్‌లు ఎవరో ఫైనల్ ఇయర్ అమ్మాయి సొంత జీమెయిల్‌లో ఉండిపోతాయి, ఆమె పాసై వెళ్లిపోతే జూన్‌లో ఏదీ తెరుచుకోదు. హాస్టల్ పేరుతో ఒక ఖాతా తెరిచి, ఓనర్‌షిప్ దానికి మార్చి, పాస్‌వర్డు వార్డెన్ ఆఫీసులో సీల్ చేసి పెట్టండి. ఓపెన్ మీల్స్ జాబితాలో వెళ్లిపోతున్నవాళ్ల పేర్లు పూర్తిగా తుడిచేయండి. కొత్త కమిటీకి పాతవాళ్లు ఒక వారం పక్కనే ఉండి తూచడం నేర్పాలి, ఆ వారం డ్యూటీ లిస్టు ఇప్పుడే వేసి గోడకు అంటించండి.